యోసెమిటీ లోయలో బస, దర్శనీయ స్థలాలు, చరిత్ర: సమగ్ర మార్గదర్శి

కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా పర్వతాల పడమటి వాలు మీద ఉన్న యోసెమిటీ జాతీయ పార్కు విస్తీర్ణం దాదాపు 1,190 చదరపు మైళ్లు. కానీ వచ్చినవారిలో ఎక్కువమంది చూసి వెళ్లేది మెర్సెడ్ నది ప్రవహించే ఒక్క లోయను మాత్రమే. దాని పొడవు సుమారు 7 మైళ్లు, వెడల్పు మహా అయితే ఒక మైలు. ఎల్ క్యాపిటన్, హాఫ్ డోమ్, యోసెమిటీ జలపాతం, నూరేళ్ల నాటి హోటళ్లు, గుడారాల వాడలు, మ్యూజియం, పాత శ్మశానం అన్నీ ఈ ఇరుకు నేల మీదనే ఉన్నాయి. ఏటా దాదాపు 40 లక్షల మంది దిగేదీ ఇక్కడికే. అందువల్ల ఇక్కడ రాత్రి ఎక్కడ పడుకుంటారన్నది తేలితే తప్ప పగలు ఏం చూడగలరన్నది తేలదు. లోయలోనే గది దొరికినవారు పొద్దున్నే కాలినడకన జలపాతం దగ్గరికి వెళ్లి వచ్చి కాఫీ తాగుతుంటే, 40 మైళ్ల అవతల దిగినవారు అదే సమయానికి ప్రవేశ ద్వారం దగ్గర కార్ల వరుసలో నిలబడి ఉంటారు. ఈ మార్గదర్శి బస ఏర్పాటుకే పెద్దపీట వేయడానికి కారణం అదే. పైగా ఈ లోయలోని బసలు ఒక్కొక్కటీ ఇక్కడి చరిత్రలో ఒక్కొక్క ముక్క.

1. ముందుగా ఏ నెలలో వెళ్లాలో తేల్చుకోండి

జలపాతాలే మీకు ముఖ్యమైతే మే నెల, జూన్ మొదటి సగం సరైన కాలం. కొండల మీది మంచు కరిగి నీళ్లు ఉధృతంగా దిగేది అప్పుడే. 2,425 అడుగుల యోసెమిటీ జలపాతం పూర్తిగా మంచు నీటి మీద, వాన మీద ఆధారపడింది కాబట్టి చాలా సంవత్సరాల్లో ఆగస్టు నాటికి ఎండిపోతుంది. ఆగస్టులో తల్లిదండ్రులను తీసుకువెళ్లి, ఉత్త రాతి గోడను చూపించి, ఇక్కడ జలపాతం ఉండాలి అని చెప్పవలసి రావడం ఇక్కడ తరచుగా జరిగేదే. వెర్నల్, నెవాడా, బ్రైడల్‌వేల్ జలపాతాలు మాత్రం సన్నబడినా ఏడాది పొడుగునా పారుతూ ఉంటాయి.

గ్లేసియర్ పాయింట్ రోడ్డు, తూర్పు వైపుకు దాటించే టయోగా రోడ్డు మంచు వల్ల సాధారణంగా నవంబరు నుంచి మే చివరి వరకు, ఒక్కోసారి జూన్ దాటేవరకు మూసి ఉంటాయి. జలపాతాలూ కావాలి, ఎత్తు మీది దృశ్యాలూ కావాలి అనుకునేవారికి జూన్ మధ్య భాగం నయం. జనం తక్కువగా ఉండాలి, నడక హాయిగా సాగాలి అనుకునేవారు అక్టోబరు ఎంచుకోవచ్చు. నీళ్లు తక్కువైనా వెలుగు బాగుంటుంది. చలికాలంలో లోయ తెరిచే ఉంటుంది కానీ టైర్లకు గొలుసులు కారులో ఉండి తీరాలి. ఫిబ్రవరి రెండో సగంలో సూర్యాస్తమయ వేళ ఎల్ క్యాపిటన్ తూర్పు అంచున హార్స్‌టెయిల్ అనే సన్నని ధార నిప్పు రంగులో వెలుగుతుంది. అందుకు కొండ మీద మంచు కరుగుతూ ఉండాలి, పడమట మబ్బు లేకుండా ఉండాలి. రెండూ కలిసివచ్చే రోజులు కొద్దే, చూడడానికి చేరే జనం మాత్రం వేలల్లో ఉంటారు. అది ఒక్కటే పెట్టుకుని దూరం నుంచి విమానం ఎక్కి రావడం మంచి పని కాదని నా అభిప్రాయం.

2. బస ఎంచుకోవడం

లోయలోని హోటల్ గదులు, గుడారాల బుకింగ్ 366 రోజుల ముందు తెరుచుకుంటుంది. సొంత డేరా వేసుకునే పైన్స్ క్యాంపు స్థలాలు ప్రభుత్వ రిజర్వేషన్ సైటులో నెలకొకసారి, 15వ తేదీ ఉదయం 7 గంటలకు, అయిదు నెలల ముందుగా విడుదలవుతాయి. తిరుమల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు విడుదలయ్యే పూట ఎలా ఉంటుందో తెలిసినవారికి ఈ ఉదయం గురించి వేరే చెప్పనక్కరలేదు. ముందే లాగిన్ అయి, కావలసిన స్థలం నంబరు చూసిపెట్టుకుని, ఇంట్లో ఇద్దరు ముగ్గురు వేర్వేరు పరికరాల్లో ప్రయత్నించడమే మార్గం. దొరకకపోతే నిరాశపడనక్కరలేదు. ప్రయాణానికి రెండు వారాల ముందు నుంచి రద్దయిన గదులు, స్థలాలు ఒకటీ అరా తిరిగి కనిపిస్తూ ఉంటాయి. వారాంతం వదిలి సోమవారం నుంచి గురువారం లోపు వెతికితే దొరికే అవకాశం ఇంకా ఎక్కువ.

ఖర్చులో అన్నిటికన్నా పైన ఉండేది అవానీ హోటల్. జాతీయ పార్కుల సేవ తొలి డైరెక్టర్ స్టీఫెన్ మేథర్, డబ్బున్నవారు, పలుకుబడి ఉన్నవారు కూడా వచ్చి ఉండదగిన బస లోయలో లేదని పట్టుబట్టడంతో దీన్ని కట్టించారు. వాస్తుశిల్పి గిల్బర్ట్ స్టాన్లీ అండర్‌వుడ్. 1927 జులైలో ప్రారంభమైంది. బయటి నుంచి చూస్తే రాతి స్తంభాల మధ్య పెద్ద పెద్ద రెడ్‌వుడ్ దూలాలు, పలకలు కనబడతాయి. దగ్గరికి వెళ్లి చేత్తో తట్టి చూస్తే అది కర్ర కాదు, కాంక్రీటు. అగ్ని ప్రమాదానికి భయపడి, గరుకైన చెక్క అచ్చుల్లో కాంక్రీటు పోసి, కర్ర ఈనెలు దాని మీద అచ్చుపడేలా చేసి, రంగు పట్టించారు. రెండో ప్రపంచ యుద్ధంలో 1943 నుంచి నౌకాదళ ఆసుపత్రిగా పనిచేసింది. 1983లో ఎలిజబెత్ రాణి ఇక్కడ దిగారు. పేరు మీద హక్కుల వివాదం వల్ల 2016లో మెజెస్టిక్ యోసెమిటీ హోటల్‌గా మారి, 2019లో పాత పేరు తిరిగి తెచ్చుకుంది. ఇక్కడ గది తీసుకోలేనివారు కూడా లోపలికి వెళ్లి గ్రేట్ లౌంజ్‌లో పొయ్యి ముందు కూర్చోవచ్చు. 34 అడుగుల ఎత్తు కప్పు ఉన్న భోజనశాలలో ఒక పూట ఫలహారం చేయవచ్చు. ఒక రాత్రి గది అద్దె పెట్టడం కన్నా నలుగురు కలిసి ఒక ఉదయం అక్కడ గడపడమే డబ్బుకు తగిన పని అని నాకు తోస్తుంది.

పెద్దవాళ్లతో వచ్చే కుటుంబాలకు నేను మొదట చెప్పేది యోసెమిటీ వ్యాలీ లాడ్జి. గదులు మోటెల్ గదుల్లా సాదాగా ఉంటాయి, గదిలోనే బాత్‌రూమ్ ఉంటుంది, దిగువ యోసెమిటీ జలపాతం రోడ్డు దాటితే వచ్చేస్తుంది. రాత్రివేళ బాత్‌రూమ్ కోసం చలిలో నడవనక్కరలేదన్నది అరవై దాటినవారికి చిన్న విషయం కాదు. ఈ స్థలంలో ఒకప్పుడు సైనిక శిబిరం ఉండేది. పార్కును సైన్యం కాపలా కాసిన రోజులు ముగిశాక, 1915లో అక్కడ లాడ్జి మొదలైంది. 1997 జనవరి వరదలో మెర్సెడ్ పొంగి లాడ్జికి చెందిన చాలా క్యాబిన్లను నాశనం చేసింది. ఆ రోజు నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో చెప్పే పలకలు లోయలో ఇప్పటికీ రోడ్డు పక్కన నిలబడి ఉంటాయి. వాటి పక్కన నిలుచుంటే లోయలో కొత్త కట్టడాలకు ఎందుకంత సులభంగా అనుమతి ఇవ్వరో అర్థమవుతుంది.

కర్రీ విలేజ్ తక్కువ ఖర్చుతో లోయలో పడుకోవాలనుకునేవారిది. ఉపాధ్యాయ దంపతులు డేవిడ్, జెనీ కర్రీ 1899లో కొద్దిపాటి గుడారాలతో, రోజుకు 2 డాలర్లకు మంచం, భోజనం ఇస్తామని మొదలుపెట్టారు. చెక్క నేల మీద కాన్వాస్ గుడ్డ కప్పిన ఆ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. గుడారాల మధ్య దూరం తక్కువ కాబట్టి పక్కవారి గురక వినబడుతుంది. చాలావాటికి ఉమ్మడి స్నానాల గదులే దిక్కు. కొన్నిటికే హీటర్లు ఉంటాయి కాబట్టి వసంతంలో, అక్టోబరులో వెళ్లేవారు హీటర్ ఉన్న గుడారమేనని బుకింగ్‌లో చూసుకోవాలి. 2008 అక్టోబరులో పైనున్న కొండ నుంచి బండరాళ్లు పడటంతో రెండు వందలకు పైగా గుడారాలను, గదులను శాశ్వతంగా మూసేశారు. 2012లో ఇక్కడ ఒక రకం రెండు పొరల గుడారాల్లో ఎలుకలు చేరి హంటావైరస్ వ్యాపించడంతో వాటినీ తొలగించారు. గుడారంలో తినుబండారం ఉంచకూడదన్న నిబంధనను చాదస్తం అనుకోకూడదు.

వంట లేనిదే రోజు గడవదనుకునే మన కుటుంబాలకు అసలైన చోటు హౌస్‌కీపింగ్ క్యాంపు. మెర్సెడ్ ఒడ్డునే ఉంటుంది. మూడు వైపులా కాంక్రీటు గోడలు, నాలుగో వైపు పరదా, పైన కాన్వాస్ కప్పు, లోపల మంచాలు, బయట బల్ల, నిప్పు వెలిగించుకునే గుండం ఉంటాయి. అందం అడగకూడదు, దుప్పట్లు మనమే తీసుకువెళితే మేలు. కానీ కర్రీ విలేజ్‌లో లాగా వంటకు నిషేధం లేదు. క్యాంప్ స్టవ్ మీద అన్నం, పప్పు చారు పెట్టుకుని, నది అవతల యోసెమిటీ జలపాతాన్ని చూస్తూ తినవచ్చు. వేసవి కాలంలోనే తెరుస్తారు. నాలుగైదు కుటుంబాలు కలిసి వచ్చేటప్పుడు పక్కపక్క గదులు తీసుకుంటే పిల్లలకు ఇంతకన్నా మంచి చోటు లోయలో లేదు.

సొంత డేరా ఉన్నవారికి అప్పర్ పైన్స్, లోయర్ పైన్స్, నార్త్ పైన్స్ క్యాంపులున్నాయి. వీటిలో అప్పర్ పైన్స్ ఏడాదంతా తెరిచి ఉంటుంది. కారు పక్కన ఆపి, నడిచి వెళ్లి డేరా వేసుకునే క్యాంప్ 4 మాత్రం వేరే లోకం. ప్రపంచంలోని గొప్ప శిలారోహకులు తరతరాలుగా ఇక్కడే పడుకుని ఎల్ క్యాపిటన్ ఎక్కారు. 2003లో ఈ దుమ్ము నేలను అమెరికా జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్చడానికి కారణం ఏ కట్టడమూ కాదు, ఆ చరిత్రే. పిల్లలతో వెళ్లేవారికి అనువైన చోటు కాదు.

లోయలో ఏదీ దొరకకపోతే, బయట మొదటగా చూడవలసింది 140వ నంబరు హైవే మీది ఎల్ పోర్టల్. లోయకు అతి దగ్గరి ఊరు అదే. ఆ తరువాత అదే దారిలో మరిపోసా, 120 మీద గ్రోవ్‌లాండ్, 41 మీద ఫిష్ క్యాంప్, ఓక్‌హర్స్ట్ వస్తాయి. పటంలో మైళ్లు తక్కువగా కనిపించినా ఇవన్నీ కొండ మలుపుల దారులు, గంటకు 30 మైళ్ల వేగం కూడా కుదరని చోట్లున్నాయి. దూరం చూసి కాకుండా సమయం చూసి ఎంచుకోవాలి. పార్కు దక్షిణ భాగంలోని వవోనా హోటల్ 19వ శతాబ్దపు తెల్లని విక్టోరియన్ భవనం, ఎంతో అందమైనది. మరమ్మతుల పరిశీలన కోసం 2024 డిసెంబరులో మూతపడింది కాబట్టి తెరిచారో లేదో తెలుసుకోకుండా దాని మీద ప్రణాళిక వేసుకోవద్దు.

3. దారి, ప్రవేశ రుసుము

శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఫ్రీమాంట్, శాన్ హోసే వైపు ఉండే తెలుగువారికి 580, 205 హైవేలు దాటి మంటీకా, ఓక్‌డేల్, గ్రోవ్‌లాండ్ మీదుగా 120 దారి దగ్గర. ఆగకుండా నడిపితే నాలుగు గంటలు, మామూలుగా అయిదు గంటలు పడుతుంది. లివర్మోర్ శివా విష్ణు ఆలయం ఈ దారిలోనే కొద్దిగా పక్కకు ఉంటుంది కాబట్టి చాలామంది వెళ్లేటప్పుడో వచ్చేటప్పుడో దర్శనం చేసుకుంటారు. వెళ్లేటప్పుడు అక్కడ ఆలస్యం చేస్తే లోయలో పార్కింగ్ దొరకదు. తిరుగు ప్రయాణానికి పెట్టుకోవడం మంచిది. మంచు కాలంలో మాత్రం 120 వదిలి, తక్కువ ఎత్తు మీదుగా వచ్చే 140 దారి పట్టాలి. కారు నడపలేనివారికి మెర్సెడ్ పట్టణం నుంచి 140 మీదుగా యార్ట్స్ బస్సులు లోయ దాకా వస్తాయి.

ఒక కారుకు ప్రవేశ రుసుము 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. అయితే 2026 జనవరి 1 నుంచి ఒక పెద్ద మార్పు వచ్చింది. అమెరికాలో నివాసం లేని 16 ఏళ్లు, ఆపై వయసువారు యోసెమిటీ సహా 11 ప్రధాన పార్కుల్లో మనిషికి 100 డాలర్లు అదనంగా కట్టాలి, లేదా 250 డాలర్ల వార్షిక పాస్ తీసుకోవాలి. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలతో వెళ్లే కుటుంబం ఈ లెక్క ఇంటి దగ్గరే వేసుకోవాలి. రెండు మూడు పార్కులు తిరిగే ఆలోచన ఉంటే వార్షిక పాసే చవక. నివాసులు అమెరికా ప్రభుత్వ గుర్తింపు కార్డు చేతిలో ఉంచుకోవాలి. వేసవి రద్దీ వేళల్లో ప్రవేశానికి ముందస్తు రిజర్వేషన్ అడిగే పద్ధతి కొన్ని సంవత్సరాలు పెట్టారు, కొన్ని సంవత్సరాలు తీసేశారు. బయలుదేరే ముందు ఆ సంవత్సరపు నిబంధనను పార్కు అధికారిక వెబ్‌సైటులో చూడాలి.

లోయలో పెట్రోలు బంకు లేదు. గ్రోవ్‌లాండ్‌లోనో మరిపోసాలోనో ట్యాంకు నింపుకోవాలి. ఫోను సిగ్నల్ ఉన్నట్టే ఉండి పోతుంది కాబట్టి పటాలు, బుకింగ్ కాగితాలు ముందే దించి పెట్టుకోవాలి.

4. ఎలుగుబంట్లు, మన తిండి సామాను

ఇక్కడి నల్ల ఎలుగుబంటి మనిషి జోలికి రావడం అరుదు, తిండి జోలికి రాకపోవడం అరుదు. కారు తలుపు పైభాగాన్ని గోళ్లతో పట్టుకుని డబ్బా మూత వంచినట్టు వంచేయగలదు. చీకటి పడ్డాక కారులో తినుబండారం ఉంచడం నిషిద్ధం. గదిలో ఉంటే గదిలోకి, గుడారంలో ఉంటే బయటి ఇనుప పెట్టెలోకి మార్చాలి. తిండి అంటే వాసన వచ్చేదంతా అని అర్థం చేసుకోవాలి. ఆవకాయ సీసా, కారప్పొడులు, నెయ్యి మాత్రమే కాదు, టూత్‌పేస్టు, సబ్బు, కొబ్బరినూనె, అగరువత్తుల కట్ట, పిల్లల కారు సీటు మడతల్లో పడ్డ జంతికల ముక్కలు కూడా అందులోకే వస్తాయి. పెట్టె మూసి గొళ్లెం పడిందో లేదో ఒకసారి లాగి చూడాలి. పగటిపూట దగ్గర ఉన్నంతసేపూ తెరిచి వదలడం కూడా పనికిరాదు.

శాకాహారులకు లోయలో పిజ్జా, సలాడ్, బర్రిటో దొరుకుతాయి. అంతకు మించి ఆశించకూడదు. మొదటి రోజుకు పులిహోర, రెండో రోజుకు చపాతీలు, చల్లపెట్టెలో పెరుగు తెచ్చుకునే పద్ధతి బాగానే పనిచేస్తుంది.

5. చూసే వరస

లోయలో రోడ్లు ఎక్కువ భాగం ఒకవైపు దారులే. దక్షిణ రోడ్డు లోపలికి, ఉత్తర రోడ్డు బయటికి. ఒక చోటు దాటిపోతే మళ్లీ చుట్టు తిరిగి రావాలి. అందుకని వచ్చిన పూటే ముందుగా వవోనా రోడ్డు మీది టనెల్ వ్యూకి ఎక్కండి. 1933లో తెరిచిన సొరంగం ముఖద్వారం దగ్గర, ఎడమన ఎల్ క్యాపిటన్, కుడిన బ్రైడల్‌వేల్, నడుమ దూరంగా హాఫ్ డోమ్ ఒకేసారి కనబడతాయి. మధ్యాహ్నం దాటాక వెలుగు మన వెనక నుంచి పడుతుంది కాబట్టి సాయంత్రం ఇంకా బాగుంటుంది. అక్కడే పది నిమిషాలు నిలబడి లోయ ఎలా పుట్టిందో చెప్పుకుంటే మిగిలిన రోజంతా కనిపించేది అర్థవంతంగా ఉంటుంది.

పది లక్షల సంవత్సరాల కిందట ఈ లోయ దాదాపు అంచుల దాకా హిమానీనదంతో నిండి ఉండేది. ఆ మంచు ప్రధాన లోయను లోతుగా తొలిచింది. పక్క వాగుల లోయలను అంత లోతుగా తొలచలేకపోయింది. మంచు పోయాక ఆ పక్క లోయలు గోడల మీద ఎత్తుగా వేలాడుతూ మిగిలాయి, వాటి నీళ్లే జలపాతాలై దూకుతున్నాయి. బ్రైడల్‌వేల్ 620 అడుగుల ఎత్తు నుంచి పడేది ఈ కారణంగానే. రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్త జోసయా విట్నీ ఒప్పుకోలేదు. నేల కుంగిపోయి లోయ ఏర్పడిందన్నాడు. మంచు చేసిన పని ఇది అన్న ప్రకృతి పరిశోధకుడు జాన్ మ్యూర్‌ను గొర్రెల కాపరి అంటూ తీసిపారేశాడు. మ్యూర్ నిజంగానే 1869లో ఈ కొండల్లో గొర్రెల మంద వెంట తిరిగినవాడు. చివరికి నెగ్గింది అతని మాటే. హాఫ్ డోమ్ మీద మనిషి కాలు ఎన్నటికీ పడదని అన్నదీ విట్నీయే. 1875లో జార్జ్ ఆండర్సన్ అనే కమ్మరి రాతికి రంధ్రాలు తొలిచి, ఇనుప మేకులు దించుకుంటూ పైకెక్కాడు. 1919లో పెట్టిన ఉక్కు తీగల దారి ఇంచుమించు అతను వెళ్లిన దారే. ఇప్పుడు ఆ దారి ఎక్కాలంటే అనుమతి పత్రం కావాలి, దానికి మార్చి నెలలో లాటరీ జరుగుతుంది, వేసవిలో రెండు రోజుల ముందు వేసే దినవారీ లాటరీ కూడా ఉంది. రానూపోనూ 14 నుంచి 16 మైళ్లు, 4,800 అడుగుల ఎక్కుడు. అలవాటు లేనివారు సరదాకు పెట్టుకోకూడదు.

టనెల్ వ్యూ నుంచి దిగి బ్రైడల్‌వేల్ దగ్గర ఆగి, తరువాత కారును బస దగ్గరే వదిలేయండి. లోయలో ఉచిత షటిల్ బస్సులు తిరుగుతాయి. వేసవి పగటిపూట కారు తీస్తే తిరిగి పెట్టడానికి చోటుండదు. మర్నాడు ఉదయాన్నే మిస్ట్ ట్రయల్ నడవండి. వెర్నల్ జలపాతం కనబడే వంతెన వరకు వెళ్లి రావడం 1.6 మైళ్లు, మోకాళ్లు బాగున్నవారికి కష్టం కాదు. ఆ పైన 600కు మించి రాతి మెట్లున్నాయి. మే నెలలో జలపాతపు తుంపర నేరుగా మెట్ల మీద పడుతుంది. మెట్లు ఎత్తూపల్లాలుగా, నున్నగా, తడిగా ఉంటాయి, దిగేవారు ఎక్కేవారికి ఎదురవుతారు. చీర కట్టుకుని, చెప్పులు వేసుకుని ఎక్కవలసిన దారి కాదు. పట్టు ఉన్న బూట్లు, వాన కోటు ఉండాలి. పైకి చేరాక నీళ్లు నిశ్చలంగా కనబడే చోటే ప్రాణాంతకమైనది. కంచె దాటి ఫొటో కోసం రాతి మీదికి వెళ్లినవారు కొట్టుకుపోయిన సంఘటనలు ఉన్నాయి.

నడవలేని పెద్దవారికి ఒక మైలు చుట్టు దారి దిగువ యోసెమిటీ జలపాతం, మరో మైలు కుక్స్ మెడో చాలు. సాయంత్రం సెంటినెల్ వంతెన మీద నిలబడితే హాఫ్ డోమ్ నదిలో ప్రతిబింబిస్తుంది. ఎల్ క్యాపిటన్‌ను ఎదుటి పచ్చిక బయలు నుంచి చూడాలి. 3,000 అడుగుల ఆ గోడను 1958 నవంబరులో వారెన్ హార్డింగ్, వేన్ మెర్రీ, జార్జ్ విట్‌మోర్ మొదటిసారి ఎక్కారు. 2017 జూన్ 3న అలెక్స్ హానల్డ్ తాడు లేకుండా నాలుగు గంటల లోపే ఎక్కేశాడు. రాత్రిపూట ఆ గోడ నడుమ చిన్న దీపాలు మినుకుమంటే అవి రాతికి వేలాడే పడకల మీద నిద్రకు సిద్ధమవుతున్న ఆరోహకులవి.

రోడ్డు తెరిచి ఉంటే మూడో పూట గ్లేసియర్ పాయింట్‌కు కేటాయించండి. లోయ నుంచి కారులో గంట ప్రయాణం. 7,214 అడుగుల ఎత్తున, సరిగ్గా కర్రీ విలేజ్ నెత్తి మీద ఉంటుంది. 1872 నుంచి 1968 జనవరి వరకు, మధ్యలో కొన్ని విరామాలతో, ముఖ్యంగా వేసవి రాత్రుల్లో ఇక్కడి నుంచి మండే నిప్పుకణికలను కిందికి తోసేవారు. కింద కర్రీ శిబిరంలో జనం పాటలు పాడుతూ ఆ నిప్పుల ధారను చూసేవారు. చూడడానికి వచ్చినవారు పచ్చికను తొక్కి పాడుచేస్తున్నారని, జాతీయ పార్కులో ఇటువంటి కృత్రిమ వినోదం తగదని ఆపేశారు.

6. చరిత్ర కోసం ఒక పూట నడక

యోసెమిటీ విలేజ్ మధ్యలోని మ్యూజియం దగ్గర మొదలుపెట్టండి. 1920లలో కట్టిన ఈ భవనంలో మివోక్, పాయూట్ అనే స్థానిక తెగల స్త్రీలు అల్లిన బుట్టలున్నాయి. ఒక్కొక్కటి నెలల తరబడి, కొన్ని సంవత్సరాల తరబడి అల్లినవి. భవనం వెనక తిరిగి నిర్మించిన పల్లె ఉంది. అక్కడి బండ మీద రోలు గుంటలు చూడండి, బ్లాక్ ఓక్ గింజలను దంచి పిండి చేసుకున్న చోటది. లోయలో పచ్చిక బయళ్లు విశాలంగా ఉండడానికి కారణం ఆ జనమే. ఓక్ చెట్లు బాగా కాయాలని వారు క్రమం తప్పకుండా నేలకు నిప్పు పెట్టేవారు. వారిని తరిమేసి, నిప్పును నిషేధించాక దేవదారు జాతి చెట్లు కమ్ముకొచ్చి పచ్చికను మింగడం మొదలుపెట్టాయి.

ఆ తరిమివేత 1851 మార్చిలో జరిగింది. బంగారం కోసం వచ్చినవారికీ స్థానిక తెగలకూ గొడవలు ముదిరి, మరిపోసా బెటాలియన్ అనే స్వచ్ఛంద దళం లోయలోకి దిగింది. ఊళ్లను, శీతాకాలానికి దాచుకున్న గింజలను తగలబెట్టింది. లోయలో ఉండే అవానీచీ తెగ నాయకుడు టెనాయా కొడుకుల్లో ఒకడిని చంపారు. త్రీ బ్రదర్స్ అని పిలిచే మూడు శిఖరాలకు ఆ పేరు వచ్చింది అక్కడ పట్టుబడ్డ అతని ముగ్గురు కొడుకుల వల్లనే. దర్శనీయ స్థలాల పుస్తకాలు ఆ శిఖరాల అందం చెప్పి ఊరుకుంటాయి. ఈ సంగతి తెలిసి చూడడం వేరు. అవానీచీల వారసులు ఆ తరువాత కూడా హోటళ్లలో పనిచేస్తూ లోయలోనే బతికారు. వారి చివరి పల్లె ఇళ్లను పార్కు యాజమాన్యం 1969లో తొలగించింది. ఆ స్థలంలోనే ఇప్పుడు వారు తమ సంప్రదాయ పల్లెను తిరిగి కట్టుకుంటున్నారు.

మ్యూజియం పడమటి వైపున పాత శ్మశానం ఉంది, చాలామంది చూడకుండా దాటిపోతారు. అక్కడ రెండు సమాధుల దగ్గర ఆగాలి. జేమ్స్ హచింగ్స్ 1855లో మొదటి యాత్రికుల బృందాన్ని లోయకు తీసుకువచ్చాడు, తరువాత హోటల్ నడిపాడు. ఆ హోటల్లో గదుల మధ్య గోడలంటే గుడ్డ తెరలే. చెక్క పలకలు కోయడానికి అతను పనిలో పెట్టుకున్న యువకుడు జాన్ మ్యూర్. రెండోది గేలెన్ క్లార్క్ సమాధి. 1864 జూన్ 30న, అంతర్యుద్ధం నడుస్తుండగానే, అబ్రహాం లింకన్ ఈ లోయను, మరిపోసా సెకోయా మహావృక్షాల వనాన్ని ప్రజల విహారం కోసం కాపాడాలని కాలిఫోర్నియాకు అప్పగించాడు. లింకన్ స్వయంగా ఈ లోయను ఎన్నడూ చూడలేదు. కార్ల్‌టన్ వాట్కిన్స్ 1861లో పెద్ద గాజు పలకల మీద తీసిన ఫొటోలు తూర్పు తీరంలో పెద్దల కంటపడటం ఆ చట్టానికి తోడ్పడింది. ఆ నేలకు తొలి సంరక్షకుడిగా నియమితుడైనవాడు క్లార్క్. ఆయన తన గోతిని తానే తవ్వుకుని, చుట్టూ సెకోయా మొక్కలు నాటుకుని, ఇంకా దాదాపు రెండు దశాబ్దాలు బతికి 1910లో కన్నుమూశాడు. ఆ మొక్కలు ఇప్పుడు పెద్ద చెట్లు.

మిగిలిన కథ త్వరగా చెప్పవచ్చు. 1890 అక్టోబరు 1న చుట్టుపక్కల కొండలు జాతీయ పార్కు అయ్యాయి. 1903లో మ్యూర్, అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ ఇక్కడ మూడు రాత్రులు ఆరుబయట పడుకున్నారు. 1906లో లోయ కూడా రాష్ట్రం చేతి నుంచి కేంద్ర ప్రభుత్వానికి వచ్చింది. 1913లో మాత్రం మరో లోయను కాపాడే పోరాటంలో మ్యూర్ ఓడిపోయాడు. శాన్ ఫ్రాన్సిస్కో తాగునీటి కోసం పార్కులోనే ఉన్న హెచ్ హెచ్చీ లోయను ముంచడానికి చట్టం వచ్చింది, 1923లో ఆనకట్ట పూర్తయింది. బే ఏరియాలో చాలా ఇళ్ల కుళాయిల్లో వచ్చేవి ఆ నీళ్లే. 120 దారిలో తిరిగి వెళ్లేవారు రెండు మూడు గంటలు మిగిలితే పక్కకు తిరిగి ఆ జలాశయాన్ని చూడవచ్చు. ఆ రోడ్డు గేటును రాత్రివేళ మూసేస్తారు కాబట్టి సమయాలు ముందే తెలుసుకోవాలి.

ఆదివారం మధ్యాహ్నం లోయ నుంచి బయటికి వెళ్లే రోడ్డు కిక్కిరిసి ఉంటుంది. ఉదయం పది లోపు బయలుదేరడమో, సాయంత్రం భోజనం అక్కడే ముగించుకుని చీకటి పడ్డాక కదలడమో మేలు. గ్రోవ్‌లాండ్ దాటాక కొండ దిగడానికి రెండు దారులుంటాయి. పాత ప్రీస్ట్ గ్రేడ్ దగ్గరి దారే కానీ నిటారుగా దిగుతుంది, బ్రేకులు వేడెక్కి వాసన వస్తాయి. మలుపులు ఎక్కువైనా కొత్త ప్రీస్ట్ గ్రేడ్ మీదుగా, కారును తక్కువ గేరులో ఉంచి దిగండి.